సగం ప్రాణమున్న గేరు వైరు

జూన్ 2, ఆదివారం

వంటింటి సింకులో మళ్ళీ సైకిలు చైను.

పాలగిన్నె కడుగుదామని కుళాయి తిప్పితే నల్లటి మడ్డి పైకి తేలి గిన్నె అంచుకు పట్టింది. కిరసనాయిలు కంపు, దాని కింద ఇంకేదో కుళ్ళిన కంపు. చైను తోమింది నా పళ్ళేలు తోమే స్పాంజితోనే. అడిగితే, స్పాంజి పాతదే కదా అన్నారు ఈయన. పాతదైతే మాత్రం దానితో రేపు నేను పళ్ళెం తోమనా? వారమంతా ఊళ్ళో హోటళ్ళ వంటగదులు తనిఖీ చేసి, బొద్దింకలకీ బూజుకీ నోటీసులిచ్చి వస్తాను. నా వంటగదిని నేనే తనిఖీ చేస్తే సాయంత్రానికల్లా తాళం వేయాలి.

రంగుల కంపెనీ సేల్స్ మేనేజరైన మా శ్రీవారికి ఈ రేసు సైకిలు పిచ్చి పట్టి నాలుగో ఏడు. ఆదివారం తెల్లవారగానే నడివయసు మగవాళ్ళు ఒంటికి అతుక్కుపోయే చొక్కాలు తొడుక్కుని కొండరోడ్డు ఎక్కి దిగుతారు. ఆ తరవాత టీకొట్టు ముందు చెమటలు కక్కుతూ నిలబడి ఒకరినొకరు పొగుడుకుంటారు. ఆ క్లబ్బులో ఈయన పేరు 'గురువుగారు'. సగంమంది సైకిళ్ళకు గేర్లు సరిచేసేది ఈయనే, అదీ ఊరికే. గురువుగారూ అని ఒక్క పిలుపు పిలిస్తే చాలు, మా హాల్లో ఇంకో జిడ్డు సైకిలు వెలుస్తుంది.

గురువుగారికి ఇష్టమైన ఉపన్యాసం గేరు వైరు గురించి. నన్ను నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను. హ్యాండిలు దగ్గర లివరు నొక్కితే సన్నటి ఉక్కు వైరు లాగుతుంది. వెనక చక్రం దగ్గర చైను ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి మారుతుంది. ఆ వైరు కంటికి కనిపించేచోట తెగదు. లివరు లోపల, వంగేచోట, ఒక్కొక్క పోగే తెగుతూ వస్తుంది. అందుకని మూడువేల కిలోమీటర్లకోసారి, లేదా ఏడాదికోసారి, ఏది ముందైతే అప్పుడు మార్చి తీరాలి. ఇది అందరికీ చెప్పే లెక్క. తనకు మాత్రం ఆరునెలలకే మార్చుకుంటారు. తీసేసినదాన్ని పారేయరు. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, చుట్ట చుట్టి, బిస్కట్ల డబ్బాలో దాస్తారు. "సగం ప్రాణం ఇంకా ఉంది" అంటారు.

ఇవాళ తమ్ముడు వచ్చాడు. వాడి సైకిలు ఈయన పాత సైకిలే, పోయినేడాది ఇచ్చారు. గేర్లు బిగుసుకుపోతున్నాయట. వాడు హాల్లో టీ తాగుతుంటే ఈయన డబ్బాలోంచి ఒక చుట్ట తీసి, తుడిచి, ఎక్కించారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆ తరవాత తమ్ముణ్ణి పిలిచి, "కొత్త వైరు వేశానురా, ఇక ఏడాదిదాకా చూడక్కర్లేదు" అన్నారు. వాడు థాంక్స్ బావా, థాంక్స్ బావా అని మెట్లు దిగేదాకా అంటూనే ఉన్నాడు.

ఈయన నా వైపు చూశారు. నేను స్పాంజిని చెత్తబుట్టలో పడేశాను. నాకు సైకిళ్ళ సంగతి తెలియదు.

జూన్ 4, మంగళవారం

బస్టాండు పక్క హోటలు. మూకుడులో నూనె తారులా ఉంది. గరిటెతో ఎత్తితే జారలేదు, సాగింది. వంటవాడు రెండుసార్లే వాడాం మేడం అన్నాడు. వాడు అలా అనకపోతే నేను ఆశ్చర్యపోయేదాన్ని. కొత్త నూనె డబ్బా ఏదని అడిగితే పక్కనే ఉంది, మూతకు వేసిన సీలు కూడా తీయలేదు. అది యజమానిగారి ఇంటికట.

నోటీసు ఇచ్చాను. ఆ వాసన జుట్టుకు పట్టుకుని స్నానం చేసినా వదల్లేదు.

జూన్ 9, ఆదివారం

తమ్ముడు ఇవాళ కొండ పైదాకా ఆగకుండా ఎక్కాడట. ఇంటికొచ్చి చెబుతుంటే మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. రెండు కోడిగుడ్లు తిన్నాడు, మూడోది అడిగి మరీ వేయించుకున్నాడు.

ఇది రాసి పెట్టుకోవాలి. వాడి భార్య వెళ్ళిపోయాక వాడు గది కిటికీలు కూడా తెరిచేవాడు కాదు. పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పని. ల్యాబుకు పోవడం, గదికి రావడం, తలుపు వేసుకోవడం. నేను పంపిన డబ్బాలో అన్నం అలాగే ఉండి బూజు పట్టేది. పిలిస్తే వస్తానక్కా అనేవాడు, వచ్చేవాడు కాదు. అలాంటివాణ్ణి ఒక ఆదివారం ఈయనే వెళ్ళి, తలుపు బాది, తన పాత సైకిలు మీద కూర్చోబెట్టి తీసుకుపోయారు. నేను ఏడాదిన్నర బతిమాలి చేయలేని పని. ఈయన మీద ఎంత రోత పుట్టినా ఆ ఒక్క సంగతి గుర్తొచ్చి నోరు కట్టేసుకుంటాను. వాడికి వారంలో మనుషులు కనబడేది ఆ ఒక్కపూటే. అది పోతే వాడు మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటాడు.

ఈయన గుడ్డు సొన మీసానికి అంటించుకుని గేర్ల గురించి చెబుతూనే ఉన్నారు. తుడుచుకోమని చెప్పాలనిపించలేదు.

జూన్ 12

సోఫా మీద ఈయన సాక్సు. ఇంతకంటే రాసే ఓపిక లేదు.

జూన్ 19, బుధవారం

తమ్ముడు సాయంత్రం సైకిలు తోసుకుంటూ వచ్చాడు. గేరు మళ్ళీ సరిగ్గా పడటం లేదట. నొక్కిన కాసేపటికి, టకటకమని చప్పుడు చేసి అప్పుడు మారుతోందట. ఈయన వెనక వైరు చివర ఉండే చిన్న బిరడాను అటో తిప్పు ఇటో తిప్పు తిప్పి, అయిపోయింది పో అన్నారు.

వైరు మార్చేస్తే పోదా అని అడిగాను. అడిగాను, ఇక్కడ రాస్తున్నాను. ఈయన తలెత్తి, నా కళ్ళలోకి నేరుగా చూస్తూ, "మొన్ననే కదా కొత్తది వేశాం" అన్నారు.

వేశాం. నన్ను కూడా కలిపేసుకున్నారు.

స్టవ్వు మీద పాలు పొంగుతున్నాయేమోనని లోపలికి వెళ్ళాను. పాలు పెట్టనే లేదు. తమ్ముడు వెళ్తూ గుమ్మంలోంచి వెళ్ళొస్తానక్కా అని కేకేశాడు. నాకు సైకిళ్ళ సంగతి ఏం తెలుసు.

జూన్ 23, ఆదివారం

అందరూ క్షేమంగా తిరిగొచ్చారు. చూశావా అన్నట్టు ఈయన ముఖం. నేనేమీ అనలేదు, ఈయనా ఏమీ అనలేదు. అంటే పట్టించుకోవాల్సింది ఏమీ లేదన్నమాట.

జూన్ 30, ఆదివారం

తమ్ముడు పడ్డాడు.

కొండ మీద ఆఖరి మలుపులో, ఎత్తు బాగా ఉన్నచోట, లేచి నిలబడి తొక్కుతున్నాడట. ఠప్పుమని చప్పుడు. వైరు తెగితే చైను అన్నిటికంటే చిన్న పళ్ళచక్రం మీదికి జారిపోతుంది. అంటే అన్నిటికంటే బరువైన గేరు. పెడలు కదల్లేదు. వీళ్ళు వేసుకునేవి పెడలుకు బిగిసిపోయే బూట్లు. కాలు ఊడదీసుకునేలోపే సైకిలు పక్కకు ఒరిగి, రోడ్డు అంచున ఉన్న రాయికి కుడి భుజం కొట్టుకుంది. వెనకే పాలవ్యాను. దాని డ్రైవరు వేసిన బ్రేకుకు టైర్ల గుర్తులు వాడి తలకు జానెడు దూరంలో ఆగాయని క్లబ్బులో ఉన్న లాయరు చెప్పాడు. ఆ జానెడు చూపించడానికి చెయ్యి చాపాడు కూడా.

మెడ కింద ఎముక విరిగింది. కుడిచెయ్యి మెడకు వేలాడేసి కట్టారు. నెలన్నర కదపకూడదట. వాడి పనంతా ఆ చేతిలోనే ఉంది.

ఈయన అదే జిడ్డు చొక్కాతో ఆస్పత్రికి వచ్చారు, వీపు మీద చెమట ఎండి ఉప్పు చారలు. మంచం చుట్టూ క్లబ్బువాళ్ళు. వాళ్ళందరి ముందూ తలాడిస్తూ, "గేరు నొక్కడం తెలియాలి. లేచి నిలబడి బలమంతా పెట్టి నొక్కితే కొత్త వైరైనా తెగుతుంది" అన్నారు. తమ్ముడు దిండు మీదనుంచే, "నాదే తప్పు బావా" అన్నాడు.

ఆస్పత్రి దుప్పటికి పసుపుపచ్చ మరక ఉంది. ఉతికినా పోని పాత మరక. నర్సును పిలిచి దుప్పటి మార్పించాను. ఇంత మురికి దుప్పటి పేషెంటుకు ఎలా వేస్తారని గట్టిగానే అడిగాను. అందరూ నా నోటికి భయపడ్డారు.

జూలై 3, బుధవారం

ఈయన క్లబ్బు గ్రూపులో పెద్ద పాఠం పెట్టారు. 'గేర్లు ఎలా మార్చకూడదు'. పేరు రాయలేదు కానీ 'మా దగ్గరి బంధువు ఒకరు' అని రాశారు. ఎన్నాళ్ళకోసారి వైరు మార్చాలి, లివరు ఏ వేలితో నొక్కాలి, ఎంత నొక్కాలి. చివర్లో, ఎంత మంచి వైరు వేసినా మొరటుచేతికి ఆగదు అని. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు, చప్పట్ల బొమ్మలు వరసగా. లాయరు తమ్ముడికి 'తెంపరి' అని పేరు పెట్టాడు. దానికి ఇంకా నవ్వు బొమ్మలు. చివరికి తమ్ముడు కూడా ఒక నవ్వు బొమ్మ పెట్టాడు, ఎడమచేత్తో.

ఈయన సోఫాలో వెల్లకిలా పడుకుని ఒక్కొక్కటే నాకు చదివి వినిపించారు. అన్నం తినలేదు. ఎందుకు తినలేదని ఈయన అడగలేదు.

జూలై 7, ఆదివారం

ఈయన కొండకు వెళ్ళారు. నేను తమ్ముడి గదికి వెళ్ళాను.

తలుపు తీయగానే కంపు గుప్పుమంది. నా ఉద్యోగంలో ఇలాంటి తలుపులు ఎన్నో తీశాను, కానీ అది వేరు. సింకు నిండా పళ్ళేలు, వాటి మీద ఎండిన మెతుకులు, మెతుకుల మీద ఈగలు. బల్ల మీద పాలు విరిగిపోయిన ప్యాకెట్టు. రొట్టె మీద పచ్చటి బూజు, అందులో సగం రొట్టె తిని ఉంది. బూజు ఉన్న వైపు వదిలేసి ఇటువైపు తిన్నాడు. కర్టెన్లు మూసే ఉన్నాయి. సైకిలు గోడకు మొహం తిప్పి ఉంది.

ఒక చేత్తో కడుక్కోలేకపోయానక్కా అన్నాడు. చేతులు రెండూ బాగున్నప్పుడు కూడా ఆ ఏడాదిన్నరలో గది ఇలాగే ఉండేది. ల్యాబువాళ్ళు వాడి బల్ల దగ్గర వేరేవాణ్ణి కూర్చోబెట్టారట, తాత్కాలికంగానేలే అన్నాడు. తరవాత నా వైపు చూడకుండా, సైకిలు బావకి ఇచ్చెయ్, నా చేతులకు అది పనికిరాదు, ఇక ఆదివారాలు రాను అన్నాడు.

గోళ్ళలోకి సబ్బు దిగేదాకా గది కడిగాను. కడుగుతున్నంతసేపూ చెబుదామనే ఉంది. తప్పు నీది కాదురా, నీ చేతిది అసలే కాదు. ఒక్క మాట. గిన్నెలు అయ్యాక చెబుదామనుకున్నాను. గిన్నెలయ్యాయి. నేల తుడిచాక అనుకున్నాను. అదీ అయింది. నొప్పితో ఉన్నాడు పాపం, నొప్పి తగ్గాక చెబితే బాగుంటుంది.

జూలై 10, బుధవారం

ఈయన్ని అడిగేశాను, భోజనాల దగ్గర.

వాడికి వేసింది డబ్బాలోని పాత వైరు కదా అన్నాను. ఈయన నమలడం ఆపలేదు. పాతది అంటావేం, రెండువేల కిలోమీటర్లు కూడా తిరగలేదు, సరిగ్గా వాడుకుంటే ఇంకో ఏడాది వచ్చేది అన్నారు. మరి కొత్తదని ఎందుకు చెప్పారంటే, పాతదని చెబితే వాడు చిన్నబుచ్చుకుంటాడని, వాడి మంచికేనని. సైకిలు ఇచ్చిందెవరు, గదిలోంచి బయటికి లాగిందెవరు, ఇప్పుడు ఒక తీగముక్క కోసం నన్ను పదిమందిలో దొంగను చేస్తావా అని. అంతా నోటినిండా ముద్ద పెట్టుకునే. పెదాల మధ్య అన్నం తిరుగుతూ కనిపిస్తోంది. ఆ నోటిని చూడలేక నీళ్ళ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు మింగేసి, మామూలు గొంతుతో అడిగారు. "నువ్వు గుమ్మంలోనే ఉన్నావుగా. అప్పుడు నువ్వెందుకు మాట్లాడలేదు?"

ఉప్పు ఇటు జరపమన్నారు. జరిపాను.

జూలై 11

ఎందుకు మాట్లాడలేదో ఇక్కడ రాద్దామని కూర్చున్నాను.

జూలై 14, ఆదివారం

తమ్ముడి దగ్గరికి వెళ్ళలేదు. తలనొప్పి. నిజంగానే తలనొప్పి.

జూలై 16, మంగళవారం

అదే బస్టాండు పక్క హోటలు, రెండోసారి తనిఖీ. మూకుడు తళతళలాడుతోంది, నూనె కొత్తది. వంటవాడు నన్ను చూసి, "ఆ రోజు యజమాని పక్కనే ఉన్నాడు మేడం, నేనెలా చెప్పను" అన్నాడు. నేను అడగకుండానే అన్నాడు. సరేలే అన్నాను. ఎప్పుడూ అనని మాట. మామూలుగా అయితే నీ చేత్తో వండినదానికి నీదే పూచీ అని కడిగేసేదాన్ని.

బయటికొచ్చి బస్టాపులో నిలబడితే నా మీద నాకే వెగటు పుట్టింది. నాకు పక్కన యజమాని కూడా లేడు. మొగుడు. కొడతాడా తిడతాడా, ఒక పూట ముఖం మాడ్చుకుంటాడు. ఆ మాడిన ముఖం చూడటం ఇష్టంలేక నా తమ్ముణ్ణి కొండ ఎక్కించాను. ఇక్కడ ఇంకో సాకు రాస్తే ఈ పేజీ చింపేస్తాను.

జూలై 18, గురువారం

చెప్పాను.

ఆఫీసు నుంచి తిన్నగా వెళ్ళాను. వాడు కర్టెను కొద్దిగా తీసి కిటికీ దగ్గర కూర్చున్నాడు. కూర్చోకుండానే మొదలుపెట్టాను, కూర్చుంటే ఇక లేవలేనని. ఆ వైరు కొత్తది కాదురా, బావ డబ్బాలో దాచిన పాతది, నీ చెయ్యి మొరటూ కాదు ఏమీ కాదు అన్నాను.

"తెలుసక్కా" అన్నాడు.

ఆస్పత్రి నుంచి వచ్చిన వారంలోనే తెలిసిందట. తెగిన ముక్క లివరు లోపల ఇరుక్కుపోయి ఉంటే, కూర్చుని కూర్చుని తోచక, ఎడమచేత్తో పళ్ళ పని చేసే పట్టకారు పట్టుకుని బయటికి లాగాడు. పోగులు సగం నల్లగా తుప్పు పట్టి ఉన్నాయి, సగమే కొత్తగా మెరుస్తున్నాయి. అంటే సగం ఎప్పుడో తెగిపోయాయి. రెండో చివర బోల్టు నొక్కిన గుర్తు ఒకటి కాదు, రెండు. ఒకటి వాడి సైకిలుది, ఇంకొకటి అంతకు ముందుది. చెప్పేటప్పుడు కోపం లేదు. ల్యాబులో ఎవరి దవడ కొలతో చెబుతున్నట్టు చెప్పాడు.

తెలిసీ ఎందుకు ఊరుకున్నావురా అన్నాను. అందరూ తెంపరి అంటుంటే నవ్వు బొమ్మ ఎందుకు పెట్టావు? వాడు కట్టు సర్దుకుంటూ, నీకు తెలిస్తే ఊరుకోవు కదా అన్నాడు. బావతో గొడవపడతావు, నా ఇల్లు ఎలాగూ పోయింది, నా మూలంగా నీ ఇల్లు కూడా ఎందుకు అని. అందుకే సైకిలు వద్దన్నాడట. దాన్ని చూసినప్పుడల్లా బావ మొహం కనిపిస్తోందని నాకు చెప్పలేక, నా చేతులు పనికిరావు అన్నాడట. మా అక్క ఒక్కతే నిక్కచ్చి మనిషి, దానికి ఈ చెత్త అంటకూడదనుకున్నాను అన్నాడు. అని నవ్వాడు కూడా. ఆ నవ్వుతోనే, ఇంతకీ నీకెలా తెలిసింది, బావే చెప్పాడా అని అడిగాడు.

అవునని అంటే సరిపోయేది. బావ నిన్ననే చెప్పాడు, వినగానే పరిగెత్తుకొచ్చాను. నోటిదాకా వచ్చింది ఆ మాట, తయారుగా, వాసన కూడా రాకుండా.

వేసిన రోజే చూశాను అన్నాను.

"కొత్తదని బావ చెప్పినప్పుడు అక్కడే ఉన్నావా?"

ఉన్నాను అన్నాను. తరవాత గేరు పడటం లేదని నువ్వు వచ్చినప్పుడు కూడా అన్నాను. అదీ ఇదీ కాదు, అంతా చెప్పాను.

వాడు కిటికీ వైపు తిరిగాడు. ఏడుస్తాడనుకున్నాను. తిడతాడనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను. చివరికి నా వైపు తిరిగి, "బావ అబద్ధం మింగేశానక్కా, బావ అంతేలే అని. నీది ఎలా మింగను?" అన్నాడు.

నేను తెచ్చిన అన్నం డబ్బా తెరవకుండానే నా చేతికి ఇచ్చాడు. తలుపు దాకా వచ్చాడు, సాగనంపడానికి కాదు, వేసుకోవడానికి.

జూలై 19

ఆఫీసుకు సెలవు పెట్టాను. పడుకున్నాను. ఒంటిమీద చెయ్యి వేసుకుంటే నాకే జిడ్డుగా ఉంది.

జూలై 21, ఆదివారం

పొద్దున్నే బస్సెక్కి కొండ కింద టీకొట్టు దగ్గరికి వెళ్ళాను. వాళ్ళు దిగి వస్తున్నారు. నన్ను చూసి లాయరు, గురువుగారికి ఇంటినుంచి కాపలా వచ్చిందే అని జోకు వేశాడు. అందరూ నవ్వారు. ఈయన కూడా నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు.

నేను గట్టిగా మాట్లాడలేదు. మా తమ్ముడికి ఈయన వేసింది కొత్త వైరు కాదు, తన సైకిలు నుంచి తీసిన పాతది, కొత్తదని చెప్పి వేశారు అన్నాను. వాడు మొరటుగా నొక్కి తెంపలేదు, అది సగం తెగిన వైరే అన్నాను. ఆ సంగతి వేసిననాడే నాకు తెలుసు, నేనూ చెప్పలేదు, వాడు అలా పడ్డాడు. ఇక వాణ్ణి తెంపరి అనకండి.

ఈయన హెల్మెట్టు పట్టీ ఊడదీస్తూనే ఉన్నారు, అది ఎప్పుడో ఊడింది.

లాయరు టీగ్లాసు కింద పెట్టాడు. "గురువుగారూ, మరి నాకు వేసింది?" అన్నాడు.

ఈయన నీళ్ళు నమిలారు. ఆ నమలడం చూసి ఒక్కొక్కరూ తమ తమ సైకిళ్ళ వైపు తిరిగారు. ఇందాకటిదాకా చెమట వాసనల్లో భుజాల మీద చేతులు వేసుకున్నవాళ్ళు ఇప్పుడు వంగి, ఫోన్లలో లైట్లు వేసుకుని, లివర్ల సందుల్లోకి తొంగి చూస్తున్నారు. నిన్నటిదాకా వాడి మీద నవ్వు బొమ్మలు పెట్టినవాళ్ళు. ఎవరి వైరు గురించి వాళ్ళకు బెంగ. మా తమ్ముడికి ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు.

టీ మీద మీగడ పెదవికి అంటుకుంది. ఊసేసి, బస్సెక్కాను.

జూలై 22, సోమవారం

ఈయన హాల్లో పడుకున్నారు. పొద్దున్న ఒకే మాట అన్నారు, నా పరువు రోడ్డు మీద పడేశావు అని. తమ్ముడు పడింది కూడా రోడ్డు మీదే అన్నాను. ఇన్నాళ్ళూ ఈ మనిషి ముఖం మాడిపోతుందనా నేను భయపడ్డాను? మాడింది. ఏమీ కాలేదు. నేను టీ పెట్టుకుని తాగి ఆఫీసుకు వెళ్ళాను.

సాయంత్రం తమ్ముడు ఫోను చేశాడు. లాయరు వాడికి అంతా చెప్పాడట, క్షమించమని కూడా అడిగాడట. నేను ఎదురుచూస్తున్నాను. ఏదో ఒక మెత్తటి మాట వస్తుందని.

"అక్కడ చెప్పింది నా కోసమా, నీ కోసమా?" అని అడిగాడు.

నీ కోసమేరా అని చెప్పొచ్చు. ఈయన కూడా అదే అన్నారు, వాడి మంచికే అని. వాడికి ఇచ్చిన ప్రతి పాత వస్తువూ వాడి కోసమే అని ఇచ్చాం. నా కోసమే అన్నాను. లోపలి కంపు భరించలేక అక్కడ చెప్పేశానురా అన్నాను.

ఫోనులో వాడి వెనకాల కుళాయి కారుతున్న చప్పుడు వినిపించింది.

"అలా అయితే నమ్ముతాను" అన్నాడు. రమ్మని అనలేదు, రావద్దనీ అనలేదు. పెట్టేశాడు.

పదిమందిలో చెప్పానుగా, ఇక వాడు అక్కా అని పరిగెత్తుకొస్తాడని లోలోపల లెక్క వేసుకున్నాను. అది ఇప్పుడు తెలిసింది. ఎంత సిగ్గులేని లెక్క. వాడికి ఎముక విరిగింది, నేను మార్కులు వేయించుకుందామని చూస్తున్నాను.

రేపు ఆఫీసు అయ్యాక వాడి గదికి వెళ్తాను. అన్నం డబ్బా తీసుకెళ్ళను. తలుపు తీస్తే సింకులో గిన్నెలు కడుగుతాను. తీయకపోతే ఎల్లుండి వెళ్తాను.